డ్రమ్ములో ఏ పంపు ఉందని ఎవరూ అడగలేదు

ఎయిర్ కూలర్ కోసం చేసిన పంపును యంత్రభాగాలు కడిగే తొట్టిలో పెట్టకండి. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఈ ఒక్క మాటను కారణం అడగకుండా పాటించే లోకమైతే మిగిలినదంతా రాసే శ్రమ నాకు తప్పేది. కారణం అడిగే హక్కు మీకు ఉంది కనుక రాస్తున్నాను. కోపం తగ్గాక రాయమని ఇంట్లో వాళ్లు సలహా ఇచ్చారు. ఇన్నేళ్లు ఆగి చూశాను, తగ్గలేదు.

నేను ఒక ట్రాక్టర్ల డీలరు దగ్గర మరమ్మతుల షెడ్డుకు ఇన్‌చార్జిగా పనిచేశాను. మొదట కరీంనగర్‌లో, ఆ తర్వాత ఆదిలాబాద్‌లో. ఏ బండి ఎందుకు వచ్చింది, ఏ భాగం ఎందుకు పాడైంది, మేము ఏం చేశాము అన్నది ఏ రోజుకారోజు రాసిపెట్టడం నా అలవాటు. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. వాటితో ఏ ఇంజనూ బాగుపడలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఉపయోగపడే పంపు కథ ఒకటి ఉంది. అది చెబుతాను.

కడిగే పని

ట్రాక్టరు మరమ్మతులో సగం పని కడగడమే. మా రెండు జిల్లాల్లో అది మరీ ఎక్కువ. నల్లరేగడి మట్టి నూనెతో కలిసి గేరుపెట్టె మూలల్లో గట్టిపడి ఉంటుంది. పత్తి చేలలో తిరిగిన బండైతే ఆ మట్టికి దూది పోగులు కూడా అంటుకుని ఉంటాయి. ఆ ముద్దలో ఒక్క ఇసుక రేణువు మిగిలినా కొత్తగా వేసిన బేరింగు ఆ సీజను దాటదు. అప్పుడు రైతు మెకానిక్కును తిడతాడు, మెకానిక్కు కంపెనీని తిడతాడు, కడిగినవాడి పేరు ఎవరికీ గుర్తుకురాదు. ఇంత ముఖ్యమైన పనిని ప్రతి షెడ్డులోనూ అందరికంటే తక్కువ జీతం ఉన్నవాడికి అప్పగిస్తారు. ఇది నాకు మొదటి రోజు అర్థం కాలేదు, చివరి రోజు కూడా అర్థం కాలేదు.

కరీంనగర్ షెడ్డులో ఆ పని సత్తయ్యది. బోథ్ దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు. రేకు పళ్లెంలో డీజిలు పోసుకుని బ్రష్షుతో రుద్దేవాడు. ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం అతని నోట్లో ఉండేది.

"సార్, గీ ట్రాక్టరుకు నేను పోసినంత మంచిగ తానం దీని ఓనరు జన్మల చేసి ఉండడు," అనేవాడు, ఆ ఓనరు పక్కనే నిలబడి ఉండగానే.

డీజిలుతో అతని చేతులు పగిలి నెత్తురు కనబడేది. యంత్రభాగాలు కడిగే మిషను ఒకటి కావాలని మేనేజరును అడిగాను. కొనడం కుదరదు, మీరే తయారు చేసుకోండి అన్నాడు. సరేనన్నాను, ఎందుకంటే అది పెద్ద విద్య కాదు. సగానికి కోసిన ఇనుప డ్రమ్ము, దాని మీద వంపుగా ఒక రేకు తొట్టి, మురికి ద్రవం కిందికి దిగడానికి ఒక రంధ్రం, దాన్ని మళ్లీ పైకి గొట్టం గుండా పంపడానికి ఒక పంపు. మిగతావన్నీ షెడ్డులో ఉన్నాయి, పంపు ఒక్కటే కొనాలి.

"వానలు పడ్డయి గద," అన్నాడు మేనేజరు. "ఆఫీసు కూలర్ పంపు ఖాళీగనే ఉన్నది. గదే పెట్టుండ్రి."

"అది మంచినీళ్ల కోసం చేసింది సార్. డీజిల్ల పనికిరాదు."

"పంపంటే పంపే. నీళ్లయితేంది, డీజిలయితేంది? మీరు మస్తు ఆలోచన చేస్తరు."

ఈ తప్పు ఒక్క మేనేజరుదే అనుకోకండి. ఇది మా ప్రాంతపు తప్పు. మా ఎండలకు ప్రతి ఇంటి కిటికీకి ఒక కూలరు ఉంటుంది. మృగశిర రాగానే దాని పంపుకు పని ఉండదు. ఇంట్లో ఒక వస్తువు ఊరికే పడి ఉంటే మనవాళ్ల కళ్లు ఓర్వవు. ఆ పంపుతో బర్రెను కడుగుతారు, కొత్త గోడకు నీళ్లు పడతారు, సంపులో అడుగున మిగిలిన నీళ్లు తోడతారు. అన్నిటికీ పనికొచ్చింది కనుక డీజిలుకు కూడా పనికొస్తుందని అనుకుంటారు. నిజానికి పనికొస్తుంది కూడా, కొన్నాళ్లు. ఆ కొన్నాళ్లే అసలు ప్రమాదం. పెట్టిన రోజునే కాలిపోయి ఉంటే ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.

మా పంపు ఆ వానాకాలమంతా డీజిల్లో తిరిగింది. నేను చెప్పింది తప్పని మేనేజరు నలుగురిలో నవ్వాడు. ఆ తర్వాత డీజిలు ఖర్చు అతని కంటపడింది. నన్ను పిలిచి మార్గం అడిగాడు. డీజిలు మానేసి గోరువెచ్చని నీళ్లలో బట్టల సోడా, సబ్బు కలిపి వాడదాం, సత్తయ్య చేతులకూ మంచిది, అయితే పంపు మార్చాలి, డ్రమ్ముకు ఎర్తు తీగ వేయాలి అని చెప్పాను. నేను ఒక మరమ్మతు మీద హుజూరాబాద్ వైపు వెళ్లిన రోజున ఆ మాటలో తనకు ఖర్చు తగ్గించే సగాన్ని మాత్రం అమలు చేయించాడు. డీజిలు పారబోసి సోడా నీళ్లు పోయించాడు. పంపు అదే. రెండు పుల్లల ప్లగ్గు కూడా అదే.

సత్తయ్య స్విచ్చు వేసి డ్రమ్ము అంచు మీద కుడి చేయి ఆనించాడు. కరెంటు పట్టేసింది, ఆ చేయి ఇక ఊడిరాలేదు. పక్కనున్న మెకానిక్కు ప్లగ్గు పీకాడు కనుక మనిషి బతికాడు. ఆ తర్వాత ఆ చేతి వేళ్లు ఏనాడూ పూర్తిగా ముడుచుకోలేదు.

విచారణ

విచారణ అని ఒకటి జరిగింది. మేనేజరు, యజమాని బంధువు ఒకాయన, నేను బల్ల చుట్టూ కూర్చున్నాం. అందులో చర్చకు వచ్చిన ప్రశ్న ఒక్కటే. సత్తయ్య కాళ్లకు చెప్పులు ఉన్నాయా, లేవా?

లేవు. సబ్బు నీళ్లు పడిన బండల మీద చెప్పులతో నిలబడితే జారిపడతారు కనుక కడిగేవాడెవడైనా చెప్పులు విడిచే కడుగుతాడు. ఈ సంగతి చెప్పాను. అప్పటికే డ్రమ్ములోంచి పంపు తీసి దాని తీగను పరీక్షించాను. తీగ పైనున్న ప్లాస్టిక్ తొడుగుకు మెత్తదనం ఇచ్చే పదార్థం ఒకటి అందులో కలిసి ఉంటుంది. డీజిలు దాన్ని కొద్దికొద్దిగా లాగేస్తుంది. తొడుగు ఎండుపుల్లలా బిరుసెక్కి, వంగిన చోటల్లా పగులుతుంది. డీజిల్లో ఆ పగులు ప్రాణం తీయదు, ఎందుకంటే డీజిలు కరెంటును పోనివ్వదు. అదే పగులును సోడా నీళ్లలో ముంచితే డ్రమ్ము మొత్తం కరెంటు తీగతో సమానం. ఇదంతా వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పి, పగిలిన తీగను బల్ల మీద పెట్టాను.

మేనేజరు దాన్ని చూశాడు. వేలితో తాకాడు కూడా.

"గా ముచ్చట గిప్పుడెందుకు?" అన్నాడు. "చెప్పులు ఏసుకోలే. గంతే."

అలాగే రాశారు. కార్మికుని నిర్లక్ష్యం. కొంతకాలానికి నన్ను ఆదిలాబాద్ పొమ్మన్నారు.

వెళ్లేముందు దవాఖానలో సత్తయ్య మంచం పక్కన కూర్చుని తీగ సంగతి చెప్పాను. అతను ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు.

"మేనేజర్ సారు వచ్చి పోయిండు సార్. పండ్లు తెచ్చిండు. తప్పు నీదే గని నౌకరి తియ్య, గేటు కాడ వాచ్‌మన్ పని ఇస్త అన్నడు. మీరు గీ వైరు ముచ్చట తీస్తె నాకు గా స్టూలు గూడ దక్కది. మీకు దండం పెడ్త."

ఆ తర్వాత తీగ సంగతి నేను ఎవరి దగ్గరా ఎత్తలేదు. అతన్ని తప్పుపట్టను, ఆనాడూ పట్టలేదు. దెబ్బ తగిలినవాడి చేత తప్పు తనదే అనిపించి, ఆ మాటకు బదులుగా కూడు పెట్టినవాడిని తప్పుపడతాను. చేయి పోవడం ప్రమాదం. అది మాత్రం నేరం. ఈ రెండింటినీ కలిపి మాట్లాడే పెద్దమనుషులను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను.

సత్తయ్య గేటు దగ్గర కూర్చుని కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెప్పులు వేసుకొమ్మని చెప్పేవాడట. మొదట కూటి కోసం చెప్పాడు. చెప్పగా చెప్పగా తానే నమ్మాడు. ఆ నమ్మకం ఎంత లోతుకు దిగిందో నాకు మొన్నటిదాకా తెలియదు.

ఇచ్చోడ

సత్తయ్య పెద్దకొడుకు మల్లేశ్ గల్ఫ్‌లో గ్యారేజీ మెకానిక్కుగా చాలా కాలం పనిచేశాడు. పెట్రోలుతో భాగాలు కడిగి కడిగి చేతుల చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. పెట్రోలు, డీజిలు ముట్టుకోవద్దని అక్కడి డాక్టరు చెప్పాడు, ఇక్కడి డాక్టరూ అదే చెప్పాడు. తిరిగి వచ్చి ఇచ్చోడ దగ్గర హైవే పక్కన షెడ్డు వేశాడు. ఉట్నూర్ వైపు నుంచి జీపులు, చుట్టుపక్కల ఊళ్ల ట్రాక్టర్లు అతని దగ్గరికి వస్తాయి. అతనికి వచ్చిన విద్య అదొక్కటే. కడగకుండా ఆ విద్య సాగదు, కడిగితే చేతులు మిగలవు. ఈసారి పుండ్లు పడితే షెడ్డు మూసి పనిముట్లు అమ్మేద్దామని అతని భార్య తేల్చిచెప్పిందట.

అతను నాకు ఫోన్ చేశాడు. "సార్, కడిగే తొట్టి కట్టిన. సోడా నీళ్లు పోసేటట్టు. పంపు ముచ్చట మీరు వచ్చి జర చూసి చెప్పుండ్రి."

నేను మరునాడే బస్సెక్కాను. తొట్టి చక్కగా కట్టాడు, అతుకులు చూస్తే ముచ్చటేసింది. లోపలికి తొంగి చూశాను. అడుగున నల్లటి డీజిలు, దాంట్లో మునిగి ఒక కూలర్ పంపు. పక్కన సోడా బస్తా సిద్ధంగా ఉంది. బస్తా పక్కన మోకాళ్ల దాకా వచ్చే కొత్త రబ్బరు బూట్ల జత. కుర్చీలో సత్తయ్య.

"సత్తయ్యా, గిదేంది?"

"పంపు సార్. మా ఇంటి కూలర్‌ది. ఎండకాలం పోయింది గద, ఊకెనే పడున్నది."

"నీ చెయ్యి తీసింది గిసుంటి పంపే."

"పంపెందుకు తీస్తది సార్? నేను చెప్పులు ఇడిసిన, గందుకు తీసింది. గా తప్పు వీడు చెయ్యద్దనే బూట్లు కొనుక్కొచ్చిన. రబ్బరువి. మోకాళ్ల దాక వస్తయి."

మల్లేశ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నేను జెప్తె ఇంటలేడు సార్. గల్ఫ్ మిషన్లల్ల గిసుంటి పంపు లేకుండె బాపూ అంటె, గాడ షేకులకు పైసలున్నయి, మనకు కూలరున్నది అంటడు. నేను ఇది కొన్ని రోజులు నడిపి కొత్తది కొందామనుకున్న."

"ఎప్పటి సంది నడుస్తుంది?"

"వానలు పడ్డకాడి సంది. గొట్టం తోటి పోసుకుంటె చేతులు మునగయి గదా అని ముందుగాల డీజిలే పోసినం. మల్ల చేతులు దురద పెడ్తున్నయని, ఎల్లుండి డీజిల్ తీసి సోడా నీళ్లు పోద్దామనుకున్నం."

అదే పంపు, అదే డీజిలు, ఆ వెనుకనే అవే సోడా నీళ్లు. ముప్పు తెచ్చిపెట్టినవాడు కన్నతండ్రి, అదీ కొడుకు చేతులు కాపాడాలన్న ప్రేమతో. నేను ప్లగ్గు పీకి, బోర్డులోని ఫ్యూజు తీసి జేబులో వేసుకున్నాను. నాకు కోపం ఆగలేదు. ఆ కోపం సత్తయ్య మీద కాదు. ఒక అబద్ధాన్ని ఒక మనిషి నోట్లో పెడితే అది ఆ మనిషితో ఆగదు, వాడి ఇంట్లోకి నడిచి వస్తుంది. ఆ బూట్లను చూస్తే నాకు ఆ విచారణ బల్ల గుర్తుకొచ్చింది.

దుకాణంలో

మల్లేశ్‌ను తీసుకుని ఆదిలాబాద్ వెళ్లాను. పంపుల దుకాణం సేటు మా మాట సగం విని, అరలోంచి ఒక గేర్ పంపు తీసి బల్ల మీద పెట్టాడు.

"నూనె పని అంటున్నరు కద. గిది పట్టుకపోండ్రి. ప్రెషర్ మస్తుగ కొడ్తది."

"ప్రెషర్ మాకెందుకు?"

"కడగాలంటె ప్రెషర్ ఉండాలె కద సార్."

"కొట్టి కడిగితె మురికి కండ్లల్ల పడ్తది. రుద్దేది బ్రష్షు. నీళ్లు మురికిని ఎత్తుకపోతె చాలు. గేర్ల నడుమ రేగడి ఇసుక పడితె గీ పంపు ఎన్ని రోజులుంటది?"

"మీరేమన్న ఇంజనీరా సార్?"

"కాదు. మీరు అమ్మినవి ఖరాబైనంక విప్పెటోన్ని."

మల్లేశ్ మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు. సేటు కూలర్ పంపులు చూపించాడు. నీళ్లు, నూనె, డీజిలు ఏదైనా నడుస్తుందని ధైర్యంగా చెప్పాడు. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవమన్నాను. కళ్లజోడు తేలేదన్నాడు. తాను అమ్మే వస్తువు మీది అక్షరాలు చదవని మనిషి, దాన్ని ఎక్కడ పెట్టాలో కొనేవాడికి చెబుతున్నాడు. ఇలాంటివాళ్లను మనం మర్యాదగా భరిస్తాం కనుకనే వాళ్లు మారరు.

పిల్లలూ, పంపు ఎంచుకునేటప్పుడు ధర అడిగే ముందు మిమ్మల్ని మీరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, ద్రవం ఏది? పెట్రోలు అయితే మామూలు కరెంటు మోటారు ఏదీ ఆ దరిదాపుల్లో ఉండకూడదు, ఆ ఆలోచనే మానుకోండి. తర్వాత, ఆ ద్రవంలో తేలేది ఏమిటి, మునిగేది ఏమిటి? మనకు తేలేది దూది, మునిగేది రేగడి. దూది సన్న జల్లెడను మూసేస్తుంది, రేగడి ఇరుకు సందుల్లో లోహాన్ని అరగదీస్తుంది. అందుచేత లోపల సందులు విశాలంగా ఉన్న పంపు కావాలి. గొట్టం చివర, మీరు నిలబడి పట్టుకునే ఎత్తులో, ధార బ్రష్షు మీదుగా తెగకుండా పారితే చాలు. గంటకు ఇన్ని లీటర్లని డబ్బా మీద వేసే అంకె గొట్టం లేకుండా కొలిచినది, దాన్ని చూసి మురిసిపోకండి. వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న, మోటారు ఎక్కడ ఉంటుంది, దాని తీగ ఎక్కడ ఉంటుంది? రెండూ ద్రవానికి పైన ఉండాలి. ఈ ఒక్క ప్రశ్నకు జవాబు సరిగ్గా ఉంటే మిగతావి తప్పినా పంపు పోతుంది, మనిషి మిగులుతాడు.

ఈ లక్షణాలన్నీ ఉన్న పంపు ఎప్పటినుంచో మన మధ్యనే ఉంది. ఇనుము చెక్కే లేత్ మిషన్లలో కోత జరిగేచోట చల్లని ద్రవం పోసే కూలెంట్ పంపు. మోటారు డ్రమ్ము మూత పైన కూర్చుంటుంది, పొడవాటి కాడ కిందికి దిగుతుంది, నీటిని నెట్టే చక్రం ఒక్కటే మునుగుతుంది. ఇనుప రజను మింగి బతకడానికే దాన్ని చేశారు. ఆ పేరు చెప్పగానే సేటు వెనకగదిలోకి వెళ్లి దుమ్ము పట్టిన పెట్టె తెచ్చాడు.

"గిది లేత్ వాళ్లే కొంటరు సార్. మీకెందుకని చూపియ్యలే."

సింగిల్ ఫేజుది ఎంచుకున్నాం, ఎందుకంటే మల్లేశ్ షెడ్డులో ఉన్న కనెక్షను అదే. మూడు పుల్లల ప్లగ్గు, ఎర్తు తీగ, కరెంటు లీకయితే తనంతట తానే పడిపోయే స్విచ్చు కూడా కొనిపించాను. ఈ స్విచ్చు లేకుండా తొట్టి నడిపేవాడు నా శిష్యుడు కాడు.

తీగ

మరునాడు బిగించాం. రేగడి అడుగున పేరుకోవడానికి డ్రమ్ము మధ్యలో అడ్డంగా ఒక రేకు పెట్టాం. పంపు కాడ అడుగుకు తగలకుండా ఎత్తులో నిలిపాం. దూది ఆగడానికి రంధ్రం కింద నైలాను వల కట్టాం, రోజూ విప్పి దులపవచ్చు. మురికి త్వరగా వదులుతుందని మల్లేశ్ కాస్టిక్ సోడా వేద్దామన్నాడు. వద్దన్నాను, అది అల్యూమినియం భాగాలను తినేస్తుంది, చర్మాన్ని అంతకంటే ముందే తింటుంది. కడిగిన భాగాలను వెంటనే ఆరబెట్టి నూనె పూయకపోతే తుప్పు పడతాయని కూడా చెప్పాను. ఆ తొట్టి ఈరోజుకూ నడుస్తోంది. మల్లేశ్ చేతుల మీద కొత్త చర్మం వచ్చింది.

సత్తయ్య మాత్రం ఆ రోజంతా కుర్చీలోంచి లేవలేదు. ఎర్తు ఎందుకు, మూడో పుల్ల ఎందుకు అని అడగలేదు. "ఎన్ని పెట్టినా బూట్లు లేకుంటె కష్టమే," అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

నేను కూలర్ పంపు తీగను కత్తిరించి అతని దగ్గరికి తీసుకెళ్లాను. ఒకే తీగ. డ్రమ్ము బయట ఉన్న సగం ఒక ముక్క, డీజిల్లో మునిగి ఉన్న సగం ఇంకో ముక్క. ముందు బయటి ముక్కను ఇచ్చాను. ఎడమచేతి వేళ్ల మధ్య పెట్టి వంచాడు, తాడులా వంగింది. తర్వాత మునిగిన ముక్క ఇచ్చాను. వంచాడు. చిటుక్కుమంది. పగులులోంచి రాగి మెరిసింది. ఇంకోచోట వంచాడు, అక్కడా పగిలింది. చివరిదాకా అలా వంచుతూ పోయాడు.

"గప్పుడు గూడ గిట్లనే ఉండెనా సార్?"

"గిట్లనే ఉండె. దవాఖానల చెప్పిన గద."

"చెప్పిండ్రు. నేనే ఇనలే." తీగ ముక్కను ఒళ్లో పెట్టుకున్నాడు. "మేనేజర్ సారు చూసిండా గిది?"

"నేనే బల్ల మీద పెట్టిన. ఏలు పెట్టి ముట్టి చూసిండు."

"అయితె ఆయనకెరికే."

"ఎరికే."

మల్లేశ్ కొత్త పంపు స్విచ్చు వేశాడు. నీళ్లు గొట్టంలోంచి తొట్టిలోకి మెత్తగా దిగాయి. అతను ఒక గేరును బ్రష్షు కింద తిప్పుతూ మావైపు చూడకుండా వింటున్నాడు.

"గేటు కాడ నేను వచ్చెటోనికి, పోయెటోనికి చెప్పులేసుకోండ్రని చెప్పేది సార్," అన్నాడు సత్తయ్య. "ఆయన కారు దిగినప్పుడు ఇని నవ్వేది. మంచి మాట చెప్తున్నవ్ సత్తయ్యా అనేది. నాకు సంబురమయ్యేది."

 అతను ఒళ్లోని తీగ ముక్కను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆయన కాలం చేసిండని తెలిసినప్పుడు బోథ్ నుంచి బస్సెక్కి కరీంనగర్ పోయిన సార్. పెద్ద దండ కొనుక్కపోయిన. గీ చెయ్యికి పట్టు దొరకక కింద పడ్డది. మల్ల తీసి ఏసిన."